ఇంటిల్లిపాది తలకొలతలు

నరసరావుపేటలో నేను స్కానింగ్ గది నడపబట్టి పన్నెండేళ్లు దాటింది. పగలంతా దీపాలు ఆర్పిన గదిలో, వెలిగే తెర ముందు, ఎవరి పొట్ట మీదో చెయ్యి పెట్టుకుని గడుస్తుంది. బిడ్డ గుండె కనిపించినప్పుడు ఇదిగో గుండె అంటాను. కాళ్లు కనిపిస్తే ఎలా తంతోందో చూడమంటాను. తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు తెలియకుండానే నోరు మూతపడుతుంది. మెదడు చూడటమంటే కనిపించేదాన్ని చూస్తే సరిపోదు, అక్కడ ఉండవలసినవన్నీ ఉన్నాయా అని ఒక్కొక్కటే వెతుక్కోవాలి. మాట్లాడుతూ వెతికితే ఏదో ఒకటి జారిపోతుందని నా భయం.

ఆ మౌనం బల్ల మీద పడుకున్న మనిషిని ఎంత హడలెత్తిస్తుందో నాకు మొహం మీదే చెప్పింది గురజాల వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అత్తగారు.

మిరపకోతలు సాగుతున్న రోజులవి. కోడలికి తొలిచూలు, ఇరవై రెండో వారం. ఐదో నెల స్కాన్ అంతకు వారం ముందే వేరే చోట చేయించుకున్నారు. బిడ్డ తల వారాలకు మించి ఉందనీ, మెదడులోని గదులు కాస్త వెడల్పుగా ఉన్నాయనీ, మళ్లీ చూపించుకోవాలనీ అందులో రాసి ఉంది. తప్పులేని రిపోర్టే. ఆ మళ్లీ చూపించుకోవడానికే నా దగ్గరికి వచ్చారు.

అత్తగారికి యాభై దాటి ఉంటాయి. కోడలి తల దగ్గర నిలబడి తెరను వదిలేసి నా మొహాన్నే చూస్తోంది. పావుగంట ఓపిక పట్టి ఇక పట్టలేకపోయింది.

“ఏంది డాక్టరమ్మా, నోరు ఇప్పరే? మీరట్టా ఊరుకుంటే మాకు గుండెలు జారిపోతన్నయ్యి.”

“చూస్తున్నానమ్మా. చూడటం అయ్యాక చెప్తాను.”

“చూసేది చూడండి. మాట్టాడతా చూడండి.”

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. కోడలు కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. సరేనని, జీవితంలో మొదటిసారి, తలను చూస్తూ పైకి చెప్పడం మొదలుపెట్టాను.

“ఇది మెదడు. కుడి సగం, ఎడమ సగం. మధ్యలో రెండింటినీ కలిపే వంతెన లాంటిది ఒకటుంటుంది. ఉంది. ఇది వెనకాల చిన్నమెదడు. ఇదీ ఉంది, బాగుంది. ఇది వెన్నెముక, కింది దాకా చక్కగా మూసుకునే ఉంది.”

“మరి తలలో నీళ్లున్నయ్యన్నారే, అయ్యేయి?” అంది అత్తగారు.

నీళ్ల దగ్గరికే వస్తున్నాను. మెదడు లోపల ఇటొకటి అటొకటి నీటి గదులుంటాయి. ఆ నీరు రోగం కాదు, మనందరి తలల్లోనూ ఉన్నదే. ఆ గది వెనకభాగం వెడల్పు పది మిల్లీమీటర్ల లోపు ఉంటే మేం ముందుకు వెళ్లిపోతాం. పది దాటితే ఆగుతాం. ఈ బిడ్డకు పదిన్నర పైచిలుకు వచ్చింది. మళ్లీ కొలిస్తే దాదాపు పదకొండు. మూడోసారి పది మీద కొంచెం. తెర మీద గీతను వెంట్రుకవాసి లోపలికి జరిపితే మామూలు బిడ్డ, బయటికి జరిపితే అనుమానించాల్సిన బిడ్డ. ఆ వెంట్రుకవాసి నా వేలి కొసన ఉంటుంది. ఇన్నేళ్లయినా ఆ సంగతి నాకు అలవాటు కాలేదు.

తొడ ఎముక, పొట్ట చుట్టుకొలత వారాలకు సరిగ్గా సరిపోయాయి. తల ఒక్కటే మూడు వారాలు ముందుకు వెళ్లి కూర్చుంది. నీరు తోసుకొచ్చి తల పెద్దదైతే ఆ గదులు ఇంతకంటే చాలా ఉబ్బి ఉండాలి. తల చూస్తే అంత పెద్దది, గదులు చూస్తే పది దగ్గరే తచ్చాడుతున్నాయి. రెండూ ఒకదానికొకటి పొసగలేదు. అక్కడ నాలో కంగారు తగ్గి, ఇదేమిటో తెలుసుకోవాలన్న ఆసక్తి మొదలైంది.

బయట కూర్చున్న భర్తను పిలిపించాను. పని దిగి ఇంటికి కూడా వెళ్లకుండా వచ్చాడట, చొక్కా మీద బూడిదరంగు దుమ్ము ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. కూర్చోగానే ఫోన్ నా ముందు పెట్టాడు. రిపోర్టులోని ఇంగ్లీషు మాటను కొట్టి వెతికితే వచ్చిన బొమ్మలు. ఒళ్లు చిన్నది, తల బిందెలంత ఉన్న పసివాళ్లు.

“మా చుట్టాల్లో ఒకాయన చూసి, ఇదే జబ్బు, నెలలు ముదరకముందే తీయించెయ్యమన్నాడు మేడమ్. ఇరవై నాలుగు వారాలు దాటితే ఇబ్బందంట గదా. మాకు రెండు వారాలే టైముంది.”

అతను చెబుతున్నది వింటూనే ఉన్నాను గానీ నా చూపు అతని నుదుటి మీద ఆగిపోయింది. ఒక కణత నుంచి రెండో కణత దాకా ఎర్రగా, లోతుగా ఒక నొక్కు. తాడు కట్టి విప్పినట్టుంది.

“అదేమిటి నుదుటి మీద?” అన్నాను.

తడుముకుని సిగ్గుపడ్డాడు. “హెల్మెట్ అండీ. డ్యూటీలో తియ్యనియ్యరు. వెనకాల పట్టీ ఆఖరి గాడి దాకా వదులు చేసినా నాకు బిగుతే.”

“ఈ ఒక్కడికేనా?” అని అందుకుంది తల్లి. “వాళ్ల నాయనదీ అంతే. గుండీల్లేని బనీను తెత్తే ఆయనకి తల దూరదు. మెడ కాడ కత్తిరిచ్చి ఇయ్యాల.”

నేను కుర్చీలోంచి లేచాను. మిల్లీమీటరులో పదోవంతు కొలిచే యంత్రం ఉన్న నా గదిలో ఒక టేపు లేదు. మా ఆయా పక్కనున్న లేడీస్ టైలర్ దగ్గరికి వెళ్లి అడిగి తెచ్చింది. అతని తల చుట్టూ, కనుబొమల పైనుంచి వెనక ఎత్తుగా ఉన్న చోటు మీదుగా పట్టి చూశాను. అరవై ఒకటిన్నర సెంటీమీటర్లు. నాది యాభై నాలుగు. అతని భార్యదీ, తల్లిదీ దాదాపు నా అంతే. మగవాళ్ల తలలు మనకంటే పెద్దవే, అయినా అరవై ఒకటిన్నర మామూలు కాదు.

పుట్టుకతోనే తలలు పెద్దవిగా ఉండే ఇళ్లు కొన్ని ఉంటాయి. మనుషులు బాగానే ఉంటారు, తల మాత్రం పెద్దది. అలాంటివాళ్లలో నీటి గదులు కూడా కాస్త విశాలంగా ఉండొచ్చు. చదువుకున్నప్పుడు ఒక పేరాలో చదివిన సంగతి. ఒక్కరి తల చూసి అదే అని తేల్చెయ్యలేను కదా. వాళ్లను బయట కూర్చోబెట్టి గుంటూరులో ఉన్న మా గురువుగారికి ఫోన్ చేశాను.

అంతా విని ఆయన, “బాగుంది. కానీ ఒక తల చూసి కథ అల్లకు,” అన్నారు. “ఇంట్లో మిగతా తలలు కూడా కావాలి. అవి కొలుస్తున్నావు కదా అని పరీక్షలు ఆపకు. నీకు నచ్చిన జవాబు దొరికినప్పుడే ఇంకా గట్టిగా వెతకాలి.”

వాళ్లకు అదే చెప్పాను. ఇన్ఫెక్షన్లకు రక్తపరీక్షలు, గుంటూరులో బిడ్డ మెదడుకు ఎమ్మారై. సూదితో ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష గురించీ, అందులో ఉండే కొద్దిపాటి ప్రమాదం గురించీ చెప్పాను. అదొక్కటీ ఆలోచించుకుంటామన్నారు. ఇంట్లో రక్తసంబంధీకులందరి తలలూ కొలిచి పంపమని అతనికి టేపు ఎలా పట్టాలో చూపించాను.

మర్నాడు సాయంత్రం వాట్సాప్‌లో కొలతలు వచ్చాయి. నాన్న ఇరవై తొమ్మిది అంగుళాలు, పెదనాన్న ఇరవై ఏడున్నర, మేనత్త ముప్పై ఒకటి. సెంటీమీటర్లలోకి మార్చి చూసి కంగారుపడ్డాను. అంత తల భూమ్మీద ఎవరికీ ఉండదు. ఫోన్ చేశాను.

“ఎట్లా కొలిచారు?”

“నేను డ్యూటీలో ఉన్నానండీ, మాయమ్మ కొలిచింది. నడినెత్తి మీంచి చెవుల పక్కగా గడ్డం కిందికి.”

పంటినొప్పికి గుడ్డ కట్టినట్టు కట్టి కొలిచిందన్నమాట. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అతనూ నవ్వాడు. అతని నవ్వు వినడం అదే మొదటిసారి.

నిజానికి మళ్లీ సరిగ్గా కొలిచి పంపమంటే సరిపోయేది. కానీ ఆ ఆదివారం నేనే బయల్దేరాను. పేషెంటు మీద జాలితో వెళ్లానని చెప్పుకోవచ్చు. అందులో సగమే నిజం. మిగతా సగం ఆ తలలను నా కళ్లతో చూడాలన్న ఆరాటం. పిడుగురాళ్ల దాటాక రోడ్డుకు రెండు వైపులా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరచి ఉన్నాయి. ఘాటుకు కారు అద్దాలు ఎక్కించుకుని కూడా తుమ్ముతూనే వెళ్లాను.

వసారాలో కుర్చీ వేశారు. మామగారు, ఆయన అన్నగారు స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, ఫొటోకు కూర్చున్నట్టు బెంచీ మీద వరసగా కూర్చున్నారు. ఇద్దరినీ పక్కపక్కన చూడగానే నాకు టేపు తియ్యకముందే అర్థమైంది. విశాలమైన నుదురు, చెవుల పైన రెండు వైపులా నిండుగా ఉబ్బిన తల. వెనక నిలబడ్డ కొడుకుతో కలిపి ఒకే తల మూడుసార్లు అచ్చు పడ్డట్టుంది. మామగారికి అరవై ఒకటి. అన్నగారికి అరవై మీద కొంచెం.

“చదువుకున్నారా?” అని అన్నగారిని అడిగాను. తలతో పాటు మనిషి ఎలా ఎదిగాడో కూడా నాకు కావాలి.

“పది దాకా. ఆపైన నీళ్ల సంఘానికి రెండుసార్లు పెసిడెంటుగా చేశా. తల పెద్దదని ఓట్లేశారనుకుంటా.”

పక్క వీధిలోనే ఉంటున్న వాళ్ల చెల్లెలు వచ్చింది. కొప్పు విప్పి నా ముందు కూర్చుని, “సరిగ్గా కొలువు తల్లీ. నన్ను బళ్లో గుమ్మడికాయ అని పిలిచేవోళ్లు,” అంది. యాభై తొమ్మిది. ఆడమనిషికి అది చానా ఎక్కువ. చానా అనే రాశాను చూడండి. ఆ ఇంట్లో రెండు గంటలు కూర్చుంటే మా ఊరి మాట నా నోట్లోకి తిరిగొచ్చింది.

కాగితం మీద అంకెలన్నీ ఒకే వైపు వరస కట్టాయి. నాకు చాలా సంతోషమేసింది. పెన్ను మూసి టీ అందుకున్నాను. అప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న కోడలు మెల్లగా అంది.

“ఇంకో తల ఉంది మేడమ్.”

అత్తగారు గిరుక్కున తిరిగింది. “ఏమే, ఆ సంగతి ఇప్పుడెందుకే?”

“అదే గదా అత్తయ్యా అడగాల్సింది. నాకు రోజూ మనసులో తిరుగుతుంది అదే.”

కోడలు నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. గొడ్ల పాక పక్కన నీడలో ఒకాయన కూర్చుని పాత తాడు పురి విప్పుతున్నాడు. నలభై ఐదేళ్లుంటాయేమో. మామగారి ఆఖరి తమ్ముడు. పెళ్లి కాలేదు. నాలుగైదు మాటలు తప్ప రావు. అన్నం కలిపి పెట్టాలి. పెళ్లై వచ్చినప్పటి నుంచీ పెడుతున్నది ఈ అమ్మాయే.

“చిన్నమామయ్య మీద నాకేం కోపం లేదు మేడమ్,” అంది ఆమె. “నేను పిలిస్తేనే తింటాడు కూడా. కానీ నా బిడ్డకి ఇట్టా అయితే... ఫోన్లో బొమ్మలకి నేను భయపడలా. ఈయన్ని చూసి భయపడ్డా.”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. వసారాలో తలలు కొలిచి సంబరపడిపోయాను. ఎవరెవరు ఉన్నారని అడిగాను గానీ, ఎవరిని చూపించలేదని అడగలేదు. ఈయన తల కూడా అరవై దాటి ఉంటే నా కథంతా తిరగబడుతుంది. ఆ పెద్దతలల వెంట అప్పుడప్పుడూ ఇలాంటిది కూడా వస్తుందని అర్థం.

దగ్గరికి వెళ్లి కింద కూర్చుని టేపు చూపించాను. ఆయన తాడు పక్కన పెట్టి టేపు అందుకుని, వేళ్ల మధ్య జార్చుకుంటూ కాసేపు చూశాడు. తర్వాత ఆయనే తల వంచాడు. టేపు చుట్టి చూశాను. యాభై నాలుగు. మళ్లీ పట్టాను. యాభై నాలుగే. ఆ ఇంటి మగవాళ్లలో అంత చిన్న తల ఈయనొక్కడిదే.

అందరూ పెరట్లోకి వచ్చేశారు. ఈయన పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉన్నాడా అని అడిగాను. అన్నగారు చెప్పాడు.

“లేదమ్మా. నాకప్పుడు పన్నెండేళ్లు. వీడు నడిచేవోడు, మాట్టాడేవోడు. ‘అన్నా, అన్నా’ అని నా ఎనకమాల పొలం దాకా ఉరికేవోడు. రెండో ఏడు నిండినాక పెద్ద జొరం వచ్చింది. మూడు రోజులు ఫిట్సు. గుంటూరు తీసుకుబోయేసరికి ఆలస్యమైంది. తిరిగొచ్చినాక నన్ను గుర్తుపట్టలా.”

ఆ మాట అని తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ సంగతి కోడలికి తెలియదట. ఈ ఇంట్లో అందరికీ తెలిసిన విషయం కాబట్టి ఎవరూ కొత్తగా చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

ఇంతలో చిన్నాయన నా చేతిలోంచి టేపు తీసుకున్నాడు. నా తల చుట్టూ, నేను పట్టినట్టే, కనుబొమల పైనుంచి జాగ్రత్తగా చుట్టాడు. అంకెలు రావు గానీ రెండు కొసలు కలిసిన చోటును దగ్గరికి వంగి చూసి, “బాగుంది,” అన్నాడు.

వెళ్లేముందు ఆ అమ్మాయినీ, భర్తనూ కూర్చోబెట్టి తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్పాను. చిన్నమామయ్యకు వచ్చింది ఈ ఇంటి తలతో వచ్చింది కాదనిపిస్తోంది, జ్వరంతో వచ్చినట్టుంది. బిడ్డ తల మీ ఇంటి తలలాగే ఉంది. మిగతా మెదడు నాకు కనిపించినంతవరకూ బాగుంది. కనిపించనివి కూడా ఉంటాయి. నూటికి నూరు పాళ్లు బాగుంటుందని రాసివ్వలేను.

“రాసిస్తామని చెప్పినా నమ్మేదాన్ని కాదులే మేడమ్,” అంది ఆమె. భర్త వైపు తిరిగి, “నేను కంటా,” అంది. భర్త తల ఊపాడు. అత్తగారు నాకు సంచీ నిండా ఎండుమిరపకాయలు కట్టి కారులో పెట్టించింది.

రక్తపరీక్షల్లో ఏమీ లేదు. ఎమ్మారై తీసిన గుంటూరు డాక్టరు కూడా నేను చూసిందే చూశాడు. సూది పరీక్ష వద్దనుకున్నారు. ఇరవై ఆరో వారంలోనూ, ముప్పై రెండో వారంలోనూ మళ్లీ చూశాను. గదులు పదిన్నర దగ్గరే నిలబడ్డాయి. తల మాత్రం తన దారిన తాను, పెరుగుదల పటంలో అన్నిటికంటే పైనున్న గీత పక్కనే, నదురూ బెదురూ లేకుండా పెరుగుతూ పోయింది. రెండుసార్లూ నేను పైకి మాట్లాడుతూనే చూశాను. ముప్పై రెండో వారంలో అత్తగారే, “వంతెన చెప్పలేదు,” అని గుర్తు చేసింది.

తల పెద్దది కాబట్టి ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. తల చుట్టుకొలత ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు, పుట్టిన బిడ్డకు బాగా ఎక్కువే. ఏడుపు కూడా అందుకు తగ్గట్టే ఉందని డెలివరీ చేసిన డాక్టరమ్మ నాకు ఫోన్‌లో చెప్పింది.

నాలుగో రోజున బిడ్డను నా గదికి తెచ్చారు. పసిపిల్లల మాడు ఇంకా మూసుకోదు, అక్కడ మెత్తగా ఉన్న చోట, పొట్ట మీద పెట్టే ప్రోబ్‌నే ఆనిస్తే లోపలిదంతా కనిపిస్తుంది. నాలుగు నెలల పాటు పొట్ట గోడ అవతలి నుంచి, నీళ్లలోంచి, తిరుగుతూ జారిపోతూ చూసిన గదులు ఇప్పుడు పైనుంచి, కిటికీలోంచి తొంగి చూసినట్టు కనిపించాయి. అవే గదులు. కుడివైపుది ఎడమదానికంటే ఒక పిసరు పెద్దదని కడుపులో ఉన్నప్పుడు రాశాను, అది కూడా అలాగే ఉంది. బిడ్డ నిద్రపోతోంది. ఊపిరి తీసినప్పుడల్లా మాడు మీద నా వేళ్లు మెల్లగా లేచి పడుతున్నాయి. అవసరమైన దానికంటే ఎక్కువసేపే చూశాను.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని చెప్పను. మెడ ఆలస్యంగా నిలిచింది. ఎనిమిదో నెలలో కూర్చోబెడితే తల బరువుకు పక్కకు ఒరిగిపోయేది. చుట్టూ దిండ్లు పెట్టి తీసిన వీడియోలు వాళ్ల అమ్మ నాకు పంపేది. కింద, “ఇది మామూలేనా మేడమ్?” అని రాసేది. పిల్లల డాక్టరుకు చూపించమనేదాన్ని. ఆయన నెలనెలా తల కొలిచి, పెరుగుదల సరిగ్గానే ఉందనేవాడు. పదిహేడో నెలలో నడిచింది. ఆ మధ్య నెలలన్నీ ఆ అమ్మాయి ఎలా గడిపిందో నేను పూర్తిగా ఊహించలేను. నాకూ రెండుమూడుసార్లు అనుమానం వచ్చింది. ఆమెకు చెప్పలేదు.

మొన్న పాపకు రెండేళ్లు నిండాయి. నరసరావుపేటలో ఏదో పనుండి వచ్చి, చూపించి పోదామని ముగ్గురూ లోపలికి వచ్చారు. పాప తండ్రి చంక దిగి, తెర దగ్గరికి నడిచి, వేలు పెట్టి “ఏందీ?” అంది. టీవీ లాంటిదమ్మా అన్నాను. ప్రోబ్ మీద వేలు పెట్టి “ఏందీ?” అంది. చెప్పాను. జెల్ సీసా, నా కళ్లజోడు, గోడ మీద బోర్డు, మా ఆయా చేతి గాజులు, అన్నీ అడిగింది.

“ఇంట్లో కూడా ఇంతే మేడమ్,” అంది తల్లి. “పొద్దున లేచిన కాడ్నించి ఏందీ, ఏందీ. చిన్నతాత కాడికి పోయి తాడు పట్టుకుని అడుగుతుంది. ఆయన చెప్పలేడు గదా, తాడు చేతికిచ్చి నవ్వుతాడు.”

బయట నలుగురు పేషెంట్లు కూర్చుని ఉన్నారు. అయినా పాపను బల్ల మీద నిలబెట్టి, యంత్రం మీద ఉన్న మీటలన్నీ ఒక్కొక్కటే ఏమిటో చెప్పాను. ఆఖరిదాకా విని, మళ్లీ మొదటి మీట మీద వేలు పెట్టింది.